యల్లాప్రగడవారి కనుగోలు - మా నాయనగారి చేవ్రాలు

సంఘమువారు సంచిక వెలువరించునపుడెల్ల మనవారు వ్రాయు విషయములు రెండు మూడు కలవు. మన పూర్వులు తుంగభద్రను దాటి యీ దక్షిణదేశమున కెట్లు వచ్చిరి, మధుర నాయకుల కాలమున నెచ్చట నెచ్చట పాళెములు వెలసెను, కట్టబొమ్మును 1799వ సంవత్సరమున కయత్తారులో నెట్లు ఉరితీసిరి - ఇవి యెన్నిమారులు వ్రాసికొన్నను మనకు తనివి తీరదు. అవి వ్రాయదగినవే. ఈమారు మేము మాత్రము వేఱొక దారి త్రొక్కుచున్నాము. మనుష్యుని మెదడులోని నాడీకణములేల నశించును, నశించుటకు ముందు తమలో శక్తి తరిగినదని యవి యెట్లు తెలిసికొనును, ఎవ్వరికి తెలుపుకొనును అనునది మా విషయము. "ఇదేమి, వైద్యుల పుస్తకమా?" యని పుట త్రిప్పబోవు పెద్దలను ఒక్క నిమిషమాగుడని వేడుచున్నాము. ఈ కథలో మన భీమవరపు బిడ్డ యొకడున్నాడు. చెన్నపట్టణపు ప్రయోగశాల యొకటి యున్నది. మనకు ప్రక్కయూరనదగిన వడమలాపురపు కంటివైద్యుడున్నాడు. మా కడంబూరి నల్లరేగడిలో నలువదేండ్లు ప్రత్తి పండించిన మా నాయనగారున్నారు.

మా యూరిని ఎఱుగనివారి కొక మాట. కోవిల్‌పట్టినుండి తిరునెల్వేలికి పోవు రైలుదారిలో, మణియాచ్చికి ముందు వచ్చు చిన్న స్టేషను కడంబూరు. రైలాగిన కాసేపటిలో అమ్మబడు పోళీలచేత మా యూరి పేరు చాల దూరము ప్రాకినది. (బొబ్బట్టన్నను పోళీ యన్నను ఒకటే, మా యిండ్లలో పోళి యనియే వాడుక.) చుట్టును కరిసల్ భూమి. ఆకాశమువంక చూచి విత్తనము వేయు మెట్టసేద్యము. మా నాయనగారు ప్రత్తియు, మినుమును, సజ్జయు పండించి, వాని జమాఖర్చులను తెలుగులో వ్రాసిపెట్టెడివారు. ఇది చెప్పుకొనదగిన సంగతియే. మా ప్రాంతపు తెలుగిండ్లలో తెలుగు మాటాడువారే కాని వ్రాయువారు అరుదు. పెండ్లిపత్రిక మొదలు ఉత్తరమువఱకు అంతయు తమిళలిపియే. ఇడైసేవల్ గ్రామస్థులైన కి. రాజనారాయణన్‌గారు మనవారి వలసకథను "గోపల్ల గ్రామం" అను నవలగా వ్రాసినదియు తమిళమునందే. మా నాయనగారికి అక్షరములు నేర్పినవారు వారి తాతగారు. ఇసుకలో వ్రేలితో దిద్దించిరట.

ఆ పద్దుపుస్తకములు ఏటికొకటి చొప్పున మా యింటి అటకమీద నున్నవి. 2008వ సంవత్సరపు పుస్తకములో అక్షరములు శనగగింజలంత యున్నవి. 2012లో పెసరగింజలంత. 2015వ సంవత్సరపు పుస్తకములో పంక్తి మొదట పెసరగింజగా నారంభమైన అక్షరము పంక్తి చివరకు నువ్వుగింజయై, అటుపైన చీమల బారువలె సాగిపోవును. కాగితము పొదుపు చేయుచున్నారని మా అన్నగారు పరిహాసమాడెడివారు. ఆ కాలముననే మఱికొన్ని మార్పులును వచ్చెను. ఐప్పసి మాసపు తొలివాన కురిసినప్పుడు నల్లరేగడినుండి లేచు వాసనను మా యూరిలో పసిపిల్లలును గుర్తింతురు. ఆ యేడు నాయనగారు అరుగుమీద కూర్చుండి, "వానొచ్చిందని కంటికి తెలుస్తా ఉంది, ముక్కుకు తెలీడంలేదే!" యనిరి. రాత్రులందు నిద్రలో ఎద్దులను అదలించుచు చేతులు విసరెడివారు. అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పులలో వేసినది. నడచునప్పుడు ఎడమచేయి ఊగుట మానినది. చివరకు కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును, ఊరక కూర్చుండినప్పుడు, కనబడని గింజనేదో నలుపుచున్నట్లు కదలసాగెను.

మొదట చూచిన వైద్యుడు వార్ధక్యమని చెప్పి బలమునకు మాత్రలిచ్చెను. అప్పటికి వారికి అరువదియారేండ్లు. మా పల్లెలో ఆ వయస్సువారు గుంటక తోలుచున్నారు. ఏడాది గడచిన పిమ్మట మఱియొక పట్టణమున నరముల వైద్యునికి చూపితిమి. ఆయన వ్రేళ్లు తట్టించి, నడిపించి, ఒక వాక్యము వ్రాయుడని కాగితమిచ్చెను. వ్రాసినది చూచి, "పాత వ్రాత ఏదైన ఉన్నదా?" యని యడిగెను. మా అక్కగారు సంచిలోనుండి పద్దుపుస్తకములు తీసి బల్లమీద పఱచినది. ఆయనకు తెలుగు రాదు. అయినను ఒక్కొక్క పుటను చాలసేపు చూచెను. పార్కిన్సన్ వ్యాధి యని నిర్ణయమైనది 2016లో.

లండనునందు జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు 1817లో ఆర్గురు రోగులను గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. అందు కొందరిని ఆయన వీథిలో చూచినంతమాత్రమే. మన ఆయుర్వేదమునందు దీనికి పోలిన దానిని కంపవాతమందురు. పేరు తెలిసినంతనే మా అమ్మ అడిగిన ప్రశ్న యొకటి: "ఒంట్లో సత్తువంతా ఎక్కడికి పోయిందిరా?" మేము దీనిని పల్లెటూరి అమాయకపు మాటగా తలపలేదు. తరువాత చదువగా చదువగా, ఈ వ్యాధిని గూర్చి పండితులు ముప్పది నలువది యేండ్లుగా నడుగుచున్న ప్రశ్నయు సరిగా నదియేనని తెలిసినది. సత్తువ యనగా నేమి? అది ఎక్కడ నుండును? ఎట్లు పోవును?

ఇక్కడనే భీమవరము కథలోనికి వచ్చుచున్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. వారి సోదరులిరువురు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే మరణించిరి. చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదువుకొనునప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియైరనియు, అందుచేతనే పెద్ద పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినదనియు వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. కొంతకాలము ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించి, బంధువుల సహాయముచేతను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సహాయముచేతను బోస్టను నగరము చేరిరి. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడుగు ఉద్యోగము. మన సంఘముల సభలలో వారి చిత్రపటమునకు పూలమాల వేయుదుము గాని ఈ రెండవ సంగతి చెప్పుటకు కొంచెము సంకోచింతుము. ఎందుకో తెలియదు, మాకు మాత్రము వారియం దెక్కువ గౌరవము కలిగించినది ఆ రాత్రి యుద్యోగమే.

సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి 1925లో వారు రక్తములోను, మూత్రములోను భాస్వరమెంత యున్నదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మందులు కలిపినచో ద్రవమునకు నీలిరంగు వచ్చును. నీలము ఎంత చిక్కనో భాస్వరమంత హెచ్చు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని చదువుచున్నారు. ఆ నీలము కండరముల రసముతో పరీక్షించినప్పుడు వెంటనే రాక మెల్లమెల్లగా వచ్చుచుండెను. మఱియొకరైనచో పరీక్ష చెడినదని పారబోసి మొదటికి వచ్చెడివారు. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొని, భాస్వరము వేఱొకదానితో ముడిపడి దాగియున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెలికి తీసిరి. కండరము అలసినచో అది విడిపోవును. విశ్రమించినచో మరల కూడును. రెండేండ్లలో, 1929లో, మఱియొక పదార్థము దొరికెను. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ఇకమీదట ఏ.టి.పి. యందుము.

అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. కనుక కీర్తియంతయు మన భీమవరమునకే యనుట న్యాయము కాదు. కాని పాఠ్యపుస్తకములనేకములలో లోమన్ పేరుండి సుబ్బారావుగారి పేరు లేకపోవుట అంతకన్న న్యాయము కాదు. హార్వర్డులో వారికి స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లె కంపెనీ ప్రయోగశాలలకు పోయిరి. అక్కడ వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను, బోదకాలునకు ఇచ్చు మందు వచ్చెను, పుట్టకురుపులకును, కీళ్లవాతమునకును నేటికిని వాడు మెథోట్రెక్సేట్ వచ్చెను, ఆరియోమైసిన్ వచ్చెను. మన జిల్లాలలో బోదకాలు నివారణకు పంచిన మాత్రలు మ్రింగినవారందఱు, తెలిసియో తెలియకయో, భీమవరపువారి చేతి మందు మ్రింగినవారే. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున, వారు అమెరికాలోనే కన్నుమూసిరి. బయలుదేరిన పిమ్మట మరల ఈ నేల త్రొక్కలేదు. 1995లో మన ప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ల వెలువరించినది.

ఇక సత్తువ మాట. మనము తిన్న యన్నము, పప్పు, నూనె కణములోనికి పోయి నేరుగా పని చేయవు. పండిన ప్రత్తిని కొట్టునకు తీసికొనిపోయి ఉప్పు కొనలేము గదా. ముందు రూపాయలుగా మార్చవలెను. కణములోని రూపాయ ఏ.టి.పి. దానికి మూడు భాస్వరపు గొలుసులు. ఒక గొలుసు తెగినచో శక్తి విడుదలయై పని జరుగును, మిగిలినది ఏ.డి.పి. మరల గొలుసు తగిలించి ఏ.టి.పి.గా చేయు కర్మాగారములు కణములోనే కలవు. వానికి మైటోకాండ్రియా యని పేరు. ఒక్క క్షణమున మన దేహములోనుండు ఏ.టి.పి. చాల స్వల్పము, కాని దినమంతటిలో తిరిగి తిరిగి తయారగునది లెక్కించినచో మనిషి బరువును సమీపించునని చెప్పుదురు. నిలువ లేదు, రాకయు పోకయు మాత్రమే. మెదడు బరువు దేహములో నూటికి రెండు పాళ్లు. ఖర్చు మాత్రము నూటికి ఇరువది పాళ్లు. మనము చాపమీద కన్నులు మూసికొని పరుండినను ఈ ఖర్చు అంతగా తగ్గదు. నాడీకణము వార్త పంపినపుడెల్ల దానిలోనికి సోడియము జొరబడును. దానిని బయటికి తోడివేయుటకే ఆ సత్తువలో అధికభాగము చెల్లును. ఏతాము ఆపినచో మడవ తెగినట్లే.

రాక తగ్గినదని కణమునకు తెలియుటెట్లు? ఇది మాకు మిక్కిలి రుచించిన ఘట్టము. ఏ.టి.పి. తరుగుకొలది ఒక్కటే గొలుసు మిగిలిన ఏ.ఎం.పి. అను తునక పెరుగును. రూపాయలు తరిగి చిల్లరపైసలు మిగిలినట్లన్నమాట. ఈ చిల్లరను లెక్కపెట్టుటకే కణములో ఒక మాంసకృత్తు కలదు. దాని పేరు ఏ.ఎం.పి.కె. చిల్లర పెరిగినదని తెలిసినంతనే అది కరణము వలె లేచి ఆజ్ఞలు పంపును. క్రొత్త కట్టడములాపుడు, కొవ్వు తయారీ ఆపుడు, నిలువలోనున్నది కరిగింపుడు, చెడిన మైటోకాండ్రియాను తొలగించి క్రొత్తవి వేయుడు. ఇది కొద్దికాలపు కఱవునకు చక్కని యేర్పాటు. అయితే కఱవు తీరకున్నచో, కరణము ఏండ్లతరబడి అవే ఆజ్ఞలు వేయుచుండినచో? నాడీకణములలో ఈ సంకేతము ఎడతెగక మ్రోగుచుండిన శాఖలు ముడుచుకొనుననియు, అల్జీమర్, హంటింగ్టన్ వ్యాధులలో అదియును హానికి తోడ్పడుననియు కొన్ని ప్రయోగములు చూపినవి. రక్షించుననియు మఱికొన్ని చూపినవి. ఈ తగవు తీరలేదు. మా యూరి పంచాయతీ తగవులవలె రెండు పక్షములందును కొంత నిజమున్నట్లు తోచుచున్నది.

ఇంకొక చిత్రము. ఏ.టి.పి. కణములోపల నాణెమైనను, బయట పడినచో వార్తాహరుడు. జెఫ్రీ బర్న్‌స్టాక్ అను పండితుడు 1972లో నాడులు ఏ.టి.పి.ని వెలికి పంపి వార్తలందించుకొనునని వ్రాసినప్పుడు చాలమంది నమ్మలేదు. ఇంత విలువైన పదార్థమును ఏ కణమైన బయట పాఱవేయునా యనిరి. తరువాత దానిని గుర్తించు ద్వారములు కణముల పైపొరలలో దొరికినవి. చచ్చుచున్న కణము పగిలి దానినుండి ఏ.టి.పి. ఒలికినచో మెదడులోని కావలి కణములు దానిని అపాయసూచనగా గ్రహించి పరుగెత్తి వచ్చును. వచ్చి చెత్త ఎత్తును. ఒక్కొకప్పుడు మంట రేపి ప్రక్కనున్న మంచి కణములను గూడ కాల్చును. మన పల్లెలలో ఒక యింట నిప్పంటుకొన్నచో ఆర్పుటకు వచ్చినవారే ప్రక్కయింటి పందిరి పీకివేయుట మనము చూడలేదా?

మా నాయనగారి మెదడులో పోయిన కణములుండు చోటునకు లాటిను భాషలో "నల్లని పదార్థము" అని యర్థమువచ్చు పేరు పెట్టిరి. నిజముగనే నల్లగా నుండునట. మెదడు కాండమున రెండు ప్రక్కల సన్నని నల్లని చాలు. కరిసల్ నేలయే గదా యనుకొంటిమి. ఈ కణములు డోపమిన్ అను రసమును తయారుచేసి మెదడు లోతట్టునకు పంపును. కదలిక నునుపుగా సాగుటకు అది కావలెను. ఒక్కొక్క కణమునకు శాఖోపశాఖలు విస్తారముగా వ్యాపించి లక్షలకొలది చోట్ల ఇతర కణములను తాకును. ఎవ్వరును పిలువకున్నను గడియారమువలె తమంతట తాము కొట్టుకొనుచుండును; ఆ కొట్టుకొనుటలో లోపలికి వచ్చు కాల్షియమును మరల తోడవలెను. ఇంత పెద్ద సంసారమునకు ఎంత రాబడి కావలెనో ఆలోచింపుడు. కొంచెము తరిగినను మొదట పడిపోవునవి ఇవియే. మఱియు సగమునకు పైగా నశించినవఱకు చేయి వణకదు. వాసన తెలియకపోవుట, నిద్రలో చేతులు విసరుట, మలబద్ధకము - ఇవి వణకునకు ఏండ్ల ముందే వచ్చు కబురులు.

శక్తి లోపమునకును ఈ వ్యాధికిని సంబంధమున్నదని లోకమునకు తెలిసిన తీరు భయంకరమైనది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగతనముగా తయారైన మత్తుమందును నరములలోనికి ఎక్కించుకొని, కొలది దినములలో రాతిబొమ్మలవలె బిగిసిపోయిరి. విలియం లాంగ్‌స్టన్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆ మందులో ఎం.పి.టి.పి. అను కల్మషమున్నదని 1983లో ప్రకటించిరి. అది మెదడులో రూపుమారి, డోపమిన్ కణములలోనికి మాత్రమే దూరి, మైటోకాండ్రియాలోని మొదటి యంత్రమును స్తంభింపజేయును, ఏ.టి.పి. రాక ఆగును, కణము చచ్చును. 1989 ప్రాంతమున లండను పండితులు ఏ మత్తుమందు నెఱుగని సామాన్య రోగుల మెదళ్లలోను ఆ మొదటి యంత్రమే బలహీనముగా నున్నదని చూపిరి. 2000లో రొటినోన్ అను, చెట్ల వేళ్లనుండి తీయు పురుగుమందును ఎలుకల కెక్కించి అదే వ్యాధిని పుట్టించిరి. పురుగుమందులతో పనిచేయువారిలో ఈ వ్యాధి కొంత హెచ్చని పలుదేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. ప్రత్తిచేనులో ముక్కునకు తువ్వాలు మాత్రము కట్టుకొని, ఎదురుగాలిలో మందు కొట్టిన మనవారిని తలచుకొన్నచో గుండె గుబులగును. మా నాయనగారి వ్యాధికి అదియే కారణమని ఏ వైద్యుడును చెప్పలేదు, చెప్పలేడు. ఇప్పుడు చేను చూచుకొనుచున్న మా అన్నగారు మాత్రము ముఖకవచము, చేతితొడుగులు లేక పంపు ముట్టరు.

వంశపు సంగతి కూడ చెప్పవలెను; ఇది చెప్పుటకు కొంత ధైర్యము కావలెను. 1998లో జపాను పండితులు పార్కిన్ అను జన్యువును, 2004లో మఱికొందరు పింక్-1 అను జన్యువును చెడినచో చిన్నవయస్సుననే ఈ వ్యాధి వచ్చునని కనుగొనిరి. ఈ రెండును చేయు పని యొకటే కుదురునకు చెందినది. మైటోకాండ్రియాలో ఒకటి శక్తి తప్పినచో పింక్-1 దానిమీద నిలిచి పార్కిన్‌ను పిలుచును. పార్కిన్ దానికి గుర్తు వేయును. గుర్తు వేసినదానిని కణము మ్రింగివేయును. గుర్తు వేయువారు లేనిచో చెడినది లోపలనే కుళ్లును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు ప్రతులును చెడినప్పుడే ఈ రకము వ్యాధి వచ్చును. దూరదేశమున కొద్దిమందిమి స్థిరపడి, మనలో మనమే, మేనమామ బిడ్డనే వెదకి చేసికొను మనవారు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను. మేనరికము చేసికొన్నవారి యింట నెల్ల రోగము వచ్చునని మేమనలేదు. మా అమ్మయు నాయనగారును మేనరికపు దంపతులే, మేమందఱమును కుశలముగా నున్నాము. కాని నలువదేండ్లు నిండకుండనే చేయి వణకినవారు ఇరువైపుల నున్న యింట మరల మేనరికము కలుపుటకు ముందు వైద్యుని అడుగుట కులగౌరవమునకు లోపము కాదు.

తల్లి వలననే సంక్రమించునదియు కలదు. మైటోకాండ్రియాకు స్వంత జన్యువులు కొన్ని యున్నవి. అవి తల్లినుండియే వచ్చును. వానిలో ఒకటి చెడినచో యువకుల కన్నుల నరము నెలల వ్యవధిలో శక్తి లేక నశించునని 1988లో తెలిసినది. మన వడమలాపురమున 1918లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామిగారిని ఎఱుగని యిల్లు మన జిల్లాలో లేదు. కీళ్లవాతముచే వంకరపోయిన వ్రేళ్లతో శస్త్రము పట్టి, 1976లో మధురలో పదునొకండు పడకలతో అరవింద నేత్రవైద్యశాల నారంభించిరి; 2006లో పరమపదించిరి. శుక్లము తీయించుకొన్న మన పెద్దలకు చూపు మరల వచ్చినది, ఏలయన అక్కడ చెడినది కటకము. నీటికాసుల వ్యాధిలో చెడునది నాడి. పోయిన చూపు రాదు. శుక్లము, నీటికాసులు రెండును ఒకటే యని తలచి కాలయాపన చేయువారు మా బంధువులలోనే కలరు. అందుచేత ఇంత వ్రాసితిమి.

సత్తువ తక్కువైనదే రోగమైనచో సత్తువ పోసినచో తీరవలెను గదా! ఈ యాలోచన అమెరికా పండితులకును వచ్చెను. సుబ్బారావుగారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్‌కు మూలమైన క్రియాటిన్‌ను అమెరికా, కెనడాలలో 1,741 మంది రోగులపై పరీక్షించిరి. దినమునకు 10 గ్రాములు చొప్పున ఏండ్లతరబడి ఇచ్చి చూచిరి. ప్రయోజనము కనబడనందున 2013లో ఆ పరీక్షను నిలిపివేసిరి. కోఎంజైమ్ క్యూ-10 గతియు నట్లే యయ్యెను. ఈ వార్త చదివిన దినమున మాకు దిగులు కలిగినది. ఆలోచింపగా కారణము కొంత తోచుచున్నది. కర్మాగారము కూలిన చోట ముడిసరకు పోసి లాభమేమి? అదియును గాక, ఈ కణములలో ఆల్ఫా-సిన్యూక్లియన్ అను మాంసకృత్తు ముద్దలుగా పేరుకొనును. అది పేరుకొని మైటోకాండ్రియాను చెఱుచునా, మైటోకాండ్రియా చెడి అది పేరుకొనునా? చెట్టు ముందా, విత్తు ముందా యనునంత చిక్కుప్రశ్న యిది. వ్యాధి సాగుటను ఆపు మందు ఇంతవఱకు నిశ్చయముగా ఏదియు రాలేదు. వచ్చినదని పత్రికలలో ప్రకటన చూచి డబ్బు పంపవలదు.

ఉన్నది లెవోడోపా. పోయిన కణములను తేలేదు. అవి చేయవలసిన డోపమిన్‌ను మాత్రము కొంత సమకూర్చును. దీని కథలోను చెన్నపట్టణమున్నది. దూలగొండి కాయ మనకు తెలియనిదా? తమిళులు పూనైక్కాలి యందురు. దాని నూగు తగిలినచో చర్మము మండును. బడిలో ఉపాధ్యాయుల కుర్చీమీద అది చల్లినవారు నేడు తాతలై యుండిరి, పేర్లు వ్రాయము. ఆ గింజలలో ఈ లెవోడోపా యున్నదని చెన్నపట్టణములో దామోదరన్, రామస్వామి అను ఇరువురు పరిశోధకులు 1937లోనే వేఱుచేసి చూపిరి. అది ఈ వ్యాధికి పనికివచ్చునని తెలిసినది 1960 తరువాత. మా మేనత్తగారు ఈ సంగతి విని దూలగొండి పొడి డబ్బాతో వచ్చినది. నాటువైద్యమని మేము త్రోసివేయలేదు. కాని ఏ గింజలో ఎంత యున్నదో తెలియదు, మాత్రతో కలిసినచో మోతాదు మించును. వైద్యుని అడిగితిమి, ఆయన వలదనెను, డబ్బా అటకమీద పద్దుపుస్తకముల ప్రక్కన నున్నది.

మాత్రకును భోజనమునకును ఒక పొత్తు కుదరవలెను. పప్పు, పాలు, మాంసములలోని మాంసకృత్తు అరిగి రక్తములోనికి పోవు ద్వారముననే లెవోడోపాయు పోవలెను. రెండును ఒకేసారి వచ్చినచో మందునకు చోటుండదు. కనుక భోజనమునకు అరగంట ముందే మాత్ర. మాత్రవేళ తప్పి శనగపప్పు పోళీలు రెండు తిన్న నాటి సాయంకాలము నాయనగారు వాకిట కదలక నిలిచిపోయిరి. పోళి మానుమని యెవ్వరమును చెప్పము. కడంబూరులో పుట్టినవారికి చెప్పదగిన మాట కాదది. గడియారము చూచి పెట్టుదుము.

వారికిప్పుడు డెబ్బది యైదవ యేడు నడచుచున్నది. మాట సన్నగిలినది, తమిళమున ఫోనులో మాటాడుట మానిరి, ఇంటిలో తెలుగు మాత్రము మెల్లగా చెప్పుదురు. మా అన్నగారి మనుమరాలికి రెండు గీతల పుస్తకము కొనితిమి. ఆ గీతల నడుమ వ్రాసినచో నాయనగారి అక్షరము ముడుచుకొనదని వైద్యశాలలో వ్యాయామము నేర్పినవారు చెప్పిరి. ఆ పిల్ల ఒక పంక్తి, ఆయన ఒక పంక్తి వ్రాయుదురు. పిల్ల యిప్పటికి "ణ" వఱకు వచ్చినది. మా యింటిలో మా తరమువారిలో తెలుగు వ్రాయగలవారము ఇరువురమే. ఆ తరువాతి తరమున ఎవ్వరును లేరు.

నడక నడుమ కాళ్లు నేలకంటుకొన్నట్లు ఆగుట ఈ వ్యాధిలో సామాన్యము. వింత యేమనగా, చదునైన నేలమీద అడుగు పడనివారు ఎదుట అడ్డముగా గీత కనబడినచో దానిని దాటగలరు. తనంత తాను అడుగు వేయు శక్తి తగ్గినను, కన్ను చూచి చెప్పినదానిని కాలు వినునట. ఇది విన్ననాటినుండి మా అమ్మ వేకువజామున వాకిట ముగ్గు పెట్టి, మిగిలిన పిండితో పడకగదినుండి వంటింటివఱకు అడుగున కొకటి చొప్పున గీతలు గీయుచున్నది. ఇంటి నడుమ ఈ గీతలేమని వచ్చిన చుట్టములు అడుగుదురు. "ఆయన దాటుకోడానికి" అని చెప్పి అమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి పోవును.